మూర్ఛ రాకుండా మెదడు రోజంతా చేసే పని

మూర్ఛ ఎందుకు వస్తుంది అనే ప్రశ్నతోనే నేను డిగ్రీ విద్యార్థులకు నాడీవ్యవస్థ పాఠం మొదలుపెట్టేవాడిని. పదవీ విరమణ తరువాత తిరుపతిలో తీరిగ్గా కూర్చొని, ఈ రంగంలో జరిగిన పరిశోధనను చదువుతూ పోయిన కొద్దీ, ఆ ప్రశ్నను తిరగేసి అడగడమే మేలనిపిస్తోంది. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక్కొక్కటి వేలకొద్దీ సంధులతో మిగతావాటిని అల్లుకొని ఉంటుంది. వాటిలో అధికభాగం పక్క కణాన్ని రెచ్చగొట్టేవే. అటువంటి అల్లికలో ఒక చోట పుట్టిన అలజడి క్షణంలో అంతటా పాకిపోవాలి. మరి మూర్ఛ అందరికీ ప్రతిరోజూ ఎందుకు రావడం లేదు? మూర్ఛ సమయంలో మెదడు కొత్తగా నేర్చుకొని చేసే పని ఏదీ లేదు. మాట్లాడటానికి, నడవటానికి, మరిచిపోయిన పేరు గుర్తు తెచ్చుకోవడానికి వాడే సంకేతాలనే అప్పుడూ వాడుతుంది. వాటిని నిలువరించే ఏర్పాటు మాత్రం కాసేపు పట్టు తప్పుతుంది. ఆ ఏర్పాటు గురించి నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

ఈ విషయం మీద నాకున్న ఆసక్తి పాఠ్యపుస్తకాలతో మొదలైనది కాదు. చిత్తూరులో ఉండే మా అక్క కొడుకుకు ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్ళు దానిని కాకిసొమ్మ అన్నారు, తాయెత్తు కట్టించారు, ఆ తరువాతే వేలూరుకు తీసుకువెళ్ళారు. అతని కథ పెద్దదేమీ కాదు. సందర్భం వచ్చిన చోట చెబుతాను.

ముందు సంకేతం సంగతి. నాడీకణం విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా దాని త్వచం, అంటే కణాన్ని చుట్టి ఉండే పలుచని పొర, పని ఆపదు. ఒక పంపు నిరంతరాయంగా మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చుకుంటూ ఉంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో పీతల నాడులలో ఈ పంపును గుర్తించి, నలభై ఏళ్ళ తరువాత 1997లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. సోడియం బయట, పొటాషియం లోపల పోగుపడి ఉండటం వల్లనే, కణం లోపలి వైపు బయటితో పోలిస్తే సుమారు 70 మిల్లీవోల్టుల ఋణావేశంతో ఉంటుంది. శరీర బరువులో రెండు శాతమే ఉండే మెదడు శరీరం వాడుకొనే శక్తిలో దాదాపు ఐదో వంతు ఖర్చు చేస్తుందంటే, అందులో పెద్ద వాటా ఈ పంపుల కిందికే పోతుంది. అంటే నిశ్శబ్దంగా ఉండటానికే మెదడు పెద్ద మూల్యం చెల్లిస్తోంది.

ఈ ఆవేశం ఒక హద్దు దాటి తగ్గినప్పుడు సోడియం మార్గాలు ఒక్కసారిగా తెరుచుకొని, అయాన్లు లోపలికి దూకుతాయి. వెనువెంటనే పొటాషియం మార్గాలు తెరుచుకొని పరిస్థితిని సరిచేస్తాయి. ఈ మొత్తం తతంగానికి ఒక మిల్లీసెకను కన్నా పెద్దగా ఎక్కువ పట్టదు. ఇదే నాడీ ప్రచోదనం. కేంబ్రిడ్జికి చెందిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి తంత్రికాక్షం (నాడీకణం నుంచి సంకేతాన్ని మోసుకుపోయే పొడవాటి పోగు) మీద ప్రయోగాలు చేసి, 1952లో దీనిని గణిత సమీకరణాలలోకి తెచ్చారు. ఆ జీవి తంత్రికాక్షం కంటికి కనిపించేంత లావుగా ఉంటుంది కాబట్టే, లోపలికి తీగ దూర్చి కొలవడం వారికి సాధ్యమయింది. వారి సమీకరణాలు సుమారు 6 డిగ్రీల చల్లదనం దగ్గరి కొలతల ఆధారంగా రాసినవి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ మార్గాలు తెరుచుకొని మూసుకొనే వేగం సుమారు మూడు రెట్లవుతుందని లెక్కలో చేర్చుకున్నారు. వేడికీ మూర్ఛకూ ఉన్న సంబంధం దగ్గరికి వచ్చినప్పుడు ఈ సంగతి పనికొస్తుంది.

ప్రచోదనం తంత్రికాక్షం చివరికి చేరాక, అక్కడి చిన్న సంచులలోని రసాయనం నాడీసంధిలోకి విడుదలవుతుంది. మెదడు పైపొరలో ఈ రసాయనాలు ముఖ్యంగా రెండు. గ్లుటమేట్ అవతలి కణాన్ని రెచ్చగొడుతుంది; గాబా అవతలి కణంలోకి ఋణావేశం గల క్లోరైడును రానిచ్చి దానిని అణచిపెడుతుంది. కణాలలో సుమారు ఐదింట ఒకటి మాత్రమే గాబాను విడుదల చేసే నిరోధక కణం. సంఖ్యలో తక్కువైనా, ఒక్కొక్కటి చుట్టుపక్కల వందల కణాలను పట్టుకొని ఉంటుంది, మిగతావాటికన్నా చాలా వేగంగా సంకేతాలు పంపగలదు.

నన్ను అన్నింటికన్నా ఆశ్చర్యపరిచే విషయం ఏమిటంటే, ఈ రెండు రసాయనాలకూ మధ్య దూరం ఒకే ఒక్క అడుగు. గ్లుటమేట్ నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును తీసివేస్తే గాబా అవుతుంది. ఆ పని చేసే ఎంజైముకు బి6 విటమిన్ తోడు కావాలి. 1950 దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలో ఒక రకం డబ్బాపాలు తాగిన పసిపిల్లలకు ఉన్నట్టుండి మూర్ఛలు రావడం మొదలైంది. వెతికి చూస్తే, ఆ పాలను శుద్ధి చేసే పద్ధతిలో బి6 విటమిన్ నశించిపోతోందని తేలింది. విటమిన్ ఇవ్వగానే పిల్లలు కోలుకున్నారు. యూజీన్ రాబర్ట్స్ మెదడులో గాబా ఉన్నదని 1950లోనే ప్రకటించినా, అది ఏం చేస్తుందో అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. రెచ్చగొట్టే పదార్థాన్ని అణచే పదార్థంగా మార్చే దారి మూసుకుపోతే ఏమవుతుందో ఆ పిల్లల శరీరాలు ముందే చూపించాయి. క్షయ రోగులకు ఇచ్చే ఐసోనియాజిడ్ మోతాదు మించితే మూర్ఛలు రావడానికి కారణం కూడా ఇదే. ఆ మందు బి6ను పనిచేయనివ్వదు. అందుకే అటువంటి వారికి విరుగుడుగా పెద్ద మోతాదులో బి6నే ఇస్తారు.

మూర్ఛ అంటే మెదడు బూడిదరంగు పదార్థంలో అప్పుడప్పుడు, హఠాత్తుగా, అతిగా, వేగంగా, ఒక చోట జరిగే విడుదల అని లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ 1873లోనే నిర్వచించాడు. విద్యుత్తును కొలిచే సాధనం ఏదీ చేతిలో లేకుండా, రోగి బొటనవేలి నుంచి మొదలైన కుదుపు చేతికి, ముఖానికి ఎలా పాకుతుందో చూసి మాత్రమే ఆయన ఆ మాట అన్నాడు. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తల మీది నుంచి మెదడు తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. 1935 నాటికి అమెరికాలో గిబ్స్, డేవిస్, లెన్నాక్స్‌లు పిల్లలు క్షణకాలం శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకం మూర్ఛలో సెకనుకు మూడు చొప్పున నడిచే తరంగాలను చూపించారు. ఇవాళ తిరుపతిలో ఈఈజీ, అంటే ఈ తరంగాలను నమోదు చేసే పరీక్ష, తీయించుకొనేవారిని మూడు నిమిషాల పాటు గట్టిగా ఊపిరి పీల్చి వదలమనడం ఆ కాలపు పరిశీలనల వారసత్వమే. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, కణాల ఉద్రేకం పెరిగి, దాగి ఉన్న తరంగాలు బయటపడతాయి.

అయితే తలమీది తీగలకు వినిపించేది లక్షల కణాల ఉమ్మడి సద్దు. ఒక్క కణం లోపల ఏమి జరుగుతోందో తెలియాలంటే కణంలోకి వెళ్ళాలి. 1964లో మాట్సుమోటో, అజ్మోన్ మార్సాన్ అనే పరిశోధకులు పిల్లుల మెదడు పైపొర మీద పెన్సిలిన్ పూసి ఆ పని చేశారు. పెన్సిలిన్ నేరుగా మెదడును తాకినప్పుడు, గాబాను అందుకొనే ప్రోటీన్లయిన గాబా గ్రాహకాలను అడ్డుకుంటుంది. అప్పుడు ఆ ప్రాంతంలోని కణాలన్నీ ఒకేసారి ఆవేశం కోల్పోయి, ఒక్కొక్క ప్రచోదనానికి బదులు గుంపులు గుంపులుగా ప్రచోదనాలను వెలువరించాయి. కొత్త ఉద్రేకాన్ని ఎవరూ చేర్చలేదని గమనించాలి. ఉన్న అదుపును తీసివేయడంతోనే సరిపోయింది.

మనుషులలో దీనికి నేరుగా దొరికిన సాక్ష్యం నా దృష్టిలో ఈ రంగంలోని గొప్ప పనులలో ఒకటి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కేథరీన్ షెవాన్ బృందం, శస్త్రచికిత్స కోసం ఎలాగూ మెదడు మీద తీగలు అమర్చుకోవలసిన రోగులలో, వారి అంగీకారంతో, 4 మిల్లీమీటర్ల పొడవు వెడల్పులు గల చదరంలో 96 సూక్ష్మ ఎలక్ట్రోడులు అమర్చి, మూర్ఛ పాకే తీరును నమోదు చేసి 2012లో ప్రచురించింది. మామూలు ఈఈజీలో మూర్ఛ ఎంతో విశాలమైన ప్రాంతాన్ని ఆక్రమించినట్టు కనిపిస్తుంది. లోపల చూస్తే, నిజంగా కట్టు తప్పిన ప్రాంతం చిన్నది. దాని ముందు అంచుకు అవతల ఉన్న కణాలకు ఉద్రేక సంకేతాలు ఉప్పెనలా అందుతున్నా, నిరోధక కణాలు వాటిని లొంగనివ్వకుండా పట్టుకొని ఉన్నాయి. ఆ పట్టు విడిపోయిన చోటనే అంచు ముందుకు కదులుతుంది. కాగితం మీద గీసిన పెద్ద పెద్ద అలలలో కొంత భాగం మూర్ఛది కాదు, మూర్ఛకు ఎదురు నిలిచిన ప్రయత్నానిది.

పట్టు ఎందుకు విడిపోతుంది? ఇందుకు ఒక సమాధానం క్లోరైడులో ఉంది. గాబా అణచగలిగేది కణం లోపల క్లోరైడు తక్కువగా ఉన్నంతవరకే. నిరోధక సంకేతాలు ఎడతెరిపి లేకుండా వచ్చిపడితే, లోపలికి వచ్చిన క్లోరైడును తోడిపోసే ఏర్పాటు వెనకబడుతుంది. లోపల క్లోరైడు నిండిపోయాక గాబాకు అణచే శక్తి సన్నగిల్లి, కొన్నిసార్లు రెచ్చగొట్టడం కూడా మొదలవుతుంది. పుట్టబోయే, అప్పుడే పుట్టిన పిల్లల మెదళ్ళలో గాబా సహజంగానే రెచ్చగొట్టే పాత్రలో ఉంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్త యెహెజ్కెల్ బెన్ ఆరి 1989లో ఎలుకలలో చూపించాడు. క్లోరైడును తోడిపోసే ప్రోటీను అప్పటికి ఇంకా సరిగా తయారు కాకపోవడం దీనికి కారణమని తరువాత తేలింది. 2002లో పారిస్‌లో కోహెన్, మైల్స్ తదితరులు, శస్త్రచికిత్సలో తీసివేసిన పెద్దవారి మెదడు ముక్కలలో కొన్ని కణాలు మళ్ళీ ఆ శైశవ స్థితికి జారినట్టు కనుగొన్నారు. ఈ జ్ఞానం వెంటనే మందుగా మారుతుందని చాలామంది ఆశించారు. క్లోరైడు లోపలికి రాకుండా అడ్డుకొనే బ్యుమెటనైడ్ అనే పాత మందును యూరప్‌లో నవజాత శిశువులకు ఇచ్చి చూశారు. మూర్ఛలు తగ్గకపోగా కొందరు పిల్లలకు వినికిడి దెబ్బతినడంతో ఆ ప్రయత్నం మధ్యలోనే ఆపివేశారు. ప్రయోగశాలలో అందంగా ఉన్న వివరణ ఆసుపత్రిలో అంతే అందంగా పనిచేస్తుందనుకోవడానికి వీల్లేదు.

డ్రవే సిండ్రోమ్ కథ ఇంతకన్నా విచిత్రమైనది. ఫ్రాన్సుకు చెందిన వైద్యురాలు షార్లోట్ డ్రవే 1978లో వర్ణించిన ఈ జబ్బు మొదటి ఏడాదిలోనే, తరచుగా జ్వరంతో పాటు, మొదలవుతుంది. మామూలు మందులకు లొంగదు. 2001లో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ పరిశోధకులు తాము పరీక్షించిన ఏడుగురు పిల్లలలోనూ ఎస్‌సీఎన్1ఏ అనే ఒకే జన్యువులో లోపం కనుగొన్నారు. అది సోడియం మార్గాన్ని తయారుచేసే జన్యువు. ఇక్కడే చిక్కు. సోడియం మార్గం పాడైతే కణాలు సంకేతాలు పంపలేక మందగించాలి కదా, మూర్ఛ ఎలా వస్తుంది? 2006లో అమెరికాలోని సియాటిల్‌లో విలియం కాటరాల్ బృందం ఎలుకలలో దీనిని విప్పింది. మెదడులో పలు రకాల సోడియం మార్గాలున్నాయి; ఈ ప్రత్యేకమైన రకం మీద ఎక్కువగా ఆధారపడేవి నిరోధక కణాలు. తిరుమల ఘాట్ రోడ్డులో దిగే బస్సుకు ఇంజను ఎంత బాగున్నా, బ్రేకులు పట్టకపోతే ఏమవుతుందో ఈ పిల్లల మెదడులో అదే జరుగుతోంది. సోడియం మార్గాలను అడ్డుకొనే కార్బమజపీన్, లామోట్రిజిన్ వంటి మంచి మందులు ఈ పిల్లలకు మేలు చేయకపోగా పరిస్థితిని విషమింపజేయడానికి కారణం కూడా దీనితోనే అర్థమవుతుంది. ఒక జన్యుపరీక్ష ఏ మందు ఇవ్వాలో, అంతకన్నా ముఖ్యంగా ఏ మందు ఇవ్వకూడదో చెప్పగలిగిన సందర్భం ఇది.

ఆ ఎలుకలకు శరీర ఉష్ణోగ్రత పెంచగానే మూర్ఛలు వచ్చేవి. వేడికి ఇంత బలం ఎక్కడిది? సుమారు ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వయసులో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురు పిల్లలకు జ్వరంతో పాటు ఫిట్స్ వస్తాయని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. అయాన్ మార్గాల వేగం వేడితో మారడం ఒక కారణం. జ్వరంలో పిల్లలు ఆయాసపడి ఊపిరి తీయడం వల్ల కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడం మరొక కారణమని 2006లో ఎలుక పిల్లలలో తేలింది. ఈఈజీ గదిలో కావాలని చేయించే పనినే జ్వరం తనంతట తాను చేయిస్తోందన్నమాట.

వేడి మాట వచ్చినప్పుడు మన దక్షిణాది వారికి బాగా తెలియవలసిన ఒక మూర్ఛ ఉంది. తలమీద వేడినీళ్ళు పోసుకొన్నప్పుడు వచ్చే మూర్ఛ ప్రపంచంలో తొలిసారిగా 1945లో న్యూజిలాండ్ నుంచి నమోదైనా, దానిని వందలాది రోగులలో అధ్యయనం చేసింది బెంగళూరులోని వైద్యులే. అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ నిమ్‌హాన్స్‌లో సతీశ్‌చంద్ర తదితరులు దశాబ్దాల పాటు దాని వెంట పడ్డారు. పలమనేరు, కుప్పం వైపు పల్లెలలో స్నానం తీరు కర్ణాటక పల్లెల తీరే. అండాలో నీళ్ళు బాగా మరిగించి, తలంటు రోజున చెంబు తరువాత చెంబుగా నడినెత్తిన పోసుకుంటారు. నీటి వేడి సాధారణంగా 40 నుంచి 50 డిగ్రీల మధ్య ఉంటుంది. ఒళ్ళంతా పోసుకొన్నా రాని మూర్ఛ, తలమీద పోసుకొన్నప్పుడు వస్తుంది. వేడి ఒక్కటే కాదు, నీటి ధార తాకిడి, ఆ ధార పడే చోటు, ఇవన్నీ కలిసి ఆ కొందరి మెదళ్ళలో నిరోధాన్ని ఓడిస్తున్నాయని అర్థం చేసుకోవాలి. కొన్ని కుటుంబాలలో ఇది తరతరాలుగా రావడం గమనించి, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్రీయ పరిశోధన కేంద్రంలో అనురంజన్ ఆనంద్ బృందం 2009లో 4వ, 10వ క్రోమోజోముల మీద దానికి సంబంధించిన ప్రాంతాలను గుర్తించింది. చాలామందికి నీళ్ళు గోరువెచ్చగా చేసుకోవడంతోనే సరిపోతుంది. కొందరికి తలస్నానానికి ముందు మాత్రమే వేసుకొనేలా వైద్యులు క్లోబజామ్ మాత్ర రాస్తారు. ఒక మెదడు వ్యాధికి బాయిలరు దగ్గరే వైద్యం మొదలవడం నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

మా అక్క కొడుకు విషయంలో కారణం వేరు. వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో తీసిన స్కానులో మెదడు పైపొర దగ్గర బఠాణీ గింజంత మచ్చ కనిపించింది. ఒకప్పుడు భారతదేశమంతటా మూర్ఛ రోగుల స్కానులలో కనిపించే ఇటువంటి చిన్న మచ్చను క్షయ గడ్డగా భావించి, నెలల తరబడి క్షయ మందులు వాడించేవారు. 1989లో మాథ్యూ చాందీ, రాజశేఖర్ తదితర వేలూరు వైద్యులే ఆ మచ్చలను శస్త్రచికిత్సతో తీసి పరీక్షించి, వాటిలో ఎక్కువ భాగం బద్దెపురుగు లార్వా తిత్తులని నిరూపించారు. ఆ తరువాత రాజశేఖర్ బృందం వేలూరు జిల్లాలో 50 వేలకు పైగా జనాభాను సర్వే చేసి 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వెయ్యిమందిలో దాదాపు నలుగురికి చురుకైన మూర్ఛ వ్యాధి ఉంది. అందులో సుమారు మూడింట ఒక వంతుకు కారణం ఈ తిత్తే. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న జిల్లా అది. నీళ్ళు, కూరగాయలు, పందులు తిరిగే తీరు అటూ ఇటూ వేరేమీ కాదు.

మా అక్కకు అప్పట్లో మింగుడుపడని సంగతి ఒకటుంది. తమది మాంసం ముట్టని ఇల్లు, పంది మాంసంతో వచ్చే జబ్బు పిల్లవాడికి ఎలా వచ్చిందని. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవారి పేగులో పెరిగేది బద్దెపురుగు. ఆ మనిషి మలంతో వెలువడే గుడ్లు చేతుల మీదుగానో, కొత్తిమీర కట్ట మీదుగానో, నీళ్ళ మీదుగానో ఇంకొకరి నోట్లోకి చేరితే, వారి మెదడులో తిత్తి ఏర్పడుతుంది. ఆ ఇంకొకరు శాకాహారి కావచ్చు, మాంసాహారి కావచ్చు. బతికున్న తిత్తి ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉండగలదు. అది చనిపోవడం మొదలుపెట్టినప్పుడు శరీరం దాని మీద దాడి చేస్తుంది, చుట్టూ వాపు వస్తుంది, మూర్ఛలు మొదలవుతాయి. ఇటీవల దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ రైమొండో బృందం ఈ కథకు కొత్త మలుపు చేర్చింది. ఈ లార్వాలలో గ్లుటమేట్ ఉందని, అది మనిషి, ఎలుక మెదడు ముక్కలలోని నాడీకణాలను నేరుగా రెచ్చగొడుతుందని వారు చూపించారు. మన కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే రసాయనాన్నే పరాన్నజీవి కూడా తన వెంట తెచ్చుకుందని చదివినప్పుడు, ఆ బఠాణీ గింజంత మచ్చను నేను వేరే కళ్ళతో చూడవలసి వచ్చింది.

వేలూరు గురించి మరొక మాట. మూర్ఛ రోగులను మత్తు ఇవ్వకుండా మేల్కొల్పి ఉంచి, మెదడును విద్యుత్తుతో తాకి పటం గీసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర మాంట్రియల్‌లో శిక్షణ పొందిన జేకబ్ చాందీయే 1949లో వేలూరులో దేశంలోని తొలి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించాడు. మూర్ఛకు శస్త్రచికిత్స అక్కడ 1952లోనే జరిగింది. మా జిల్లా రోగులు తెల్లవారుజామున పాసింజరు బండెక్కి వెళ్ళే ఆసుపత్రికి ఇంత చరిత్ర ఉందని వారిలో చాలామందికి తెలియదు.

మందుల చరిత్ర క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. 1857లో బ్రోమైడు, 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫినైటోయిన్ వచ్చాయి. ఫినైటోయిన్‌లోని తెలివి ఏమిటంటే, అది మామూలుగా పనిచేస్తున్న సోడియం మార్గాలను పెద్దగా తాకదు. అతివేగంగా మళ్ళీ మళ్ళీ తెరుచుకొనే వాటినే ఎక్కువగా పట్టుకుంటుంది. ఇటీవల అందరూ వాడుతున్న లెవెటిరసెటామ్ నాడీసంధి దగ్గరి సంచులలోని ఎస్‌వీ2ఏ అనే ప్రోటీనుకు అంటుకుంటుందని 2004లో, అంటే మందు అమ్మకానికి వచ్చిన ఐదేళ్ళకు తెలిసింది. మందులు క్రమం తప్పకుండా వాడితే రోగులలో సుమారు 70 శాతం మంది మూర్ఛలు లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా అక్క కొడుకు ఆ 70 శాతంలో ఉన్నాడు. అతని పెళ్ళి సంబంధాల సమయంలో జబ్బు సంగతి దాచమన్న బంధువులూ, చట్టం ఒప్పుకోదని భయపెట్టిన బంధువులూ ఉన్నారు. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలోకి వచ్చిన ఆ ఆంక్షను పార్లమెంటు 1999లోనే తొలగించింది. పెళ్ళికొడుకు మాత్రం జబ్బు సంగతి చెప్పే చేసుకున్నాడు.

మాత్ర మానడం, నిద్ర లేకపోవడం, ఈ రెండూ నిరోధాన్ని బలహీనపరిచేవాటిలో ముందు వరుసలో ఉంటాయి. మా ఊరికి వచ్చే యాత్రికులలో రాత్రంతా ప్రయాణం చేసి, ఉపవాసంతో, క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి మేల్కొని, రాత్రి మాత్ర గదిలోని సంచిలోనే వదిలి వచ్చేవారు ఉంటారు. మూర్ఛ ఉన్నవారు కొండకు రాకూడదని నేను అనను; మాత్రలు జేబులో ఉండాలి, ముందు రోజు నిద్ర ఉండాలి.

అటువంటి చోట ఎవరైనా పడిపోతే, చుట్టూ చేరినవారిలో ఒకరు తప్పకుండా తాళంచెవుల గుత్తి తీసి చేతిలో పెడతారు. నిమిషమో, రెండు నిమిషాలో గడిచాక మూర్ఛ ఆగుతుంది, ఇనుము పనిచేసిందని అందరూ నమ్ముతారు. ఇనుము లేకపోయినా అది ఆగేది. తనను తాను ఆపుకొనే ఏర్పాట్లు మూర్ఛలోనే పుడతాయి. అంతటి శ్రమలో కణాలు శక్తినిచ్చే అణువులను విచ్ఛిన్నం చేయడంతో అడినోసిన్ పోగుపడుతుంది. అది గ్లుటమేట్ విడుదలను అణచివేస్తుంది. 1992లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రోగుల మెదడులోనే మూర్ఛ సమయంలో అడినోసిన్ పెరగడాన్ని కొలిచారు. మనం పొద్దున తాగే కాఫీ నిద్ర మత్తును వదిలించేది ఈ అడినోసిన్ గ్రాహకాలనే అడ్డుకొని. దానికి తోడు కణజాలంలో ఆమ్లత పెరుగుతుంది, అదీ ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. మూర్ఛ తరువాత మనిషి గంటసేపు మొద్దుగా నిద్రపోవడంలో ఈ మార్పులకు వాటా ఉంది. చూసేవారు చేయవలసింది తలకింద మెత్తగా ఏదైనా పెట్టి, మనిషిని పక్కకు తిప్పి, నోట్లో ఏమీ కుక్కకుండా, గడియారం చూడటం.

గడియారం ఎందుకంటే, ఐదు నిమిషాలు దాటిన మూర్ఛ దానంతట అది ఆగే అవకాశం తగ్గిపోతుంది. 2015లో అంతర్జాతీయ మూర్ఛ వ్యాధి నిరోధక సంఘం ఒళ్ళంతా కొట్టుకొనే మూర్ఛకు ఐదు నిమిషాలను అత్యవసర చికిత్స మొదలుపెట్టవలసిన హద్దుగా నిర్ణయించింది. నాడీసంధి స్థాయిలో దీనికి కారణం 2005 ప్రాంతంలో స్పష్టమైంది. మూర్ఛ సాగుతున్న కొద్దీ, కణాలు తమ ఉపరితలం మీది గాబా గ్రాహకాలను లోపలికి లాగేసుకుంటాయి. అదే సమయంలో గ్లుటమేట్ గ్రాహకాలు కొన్ని పైకి వస్తాయని కాలిఫోర్నియాలో వాస్టర్‌లైన్ బృందం ఎలుకలలో చూపించింది. మిడజోలం, లోరజపామ్ వంటి మందులు పనిచేసేది ఆ గాబా గ్రాహకాల మీదనే. ఆలస్యమైన కొద్దీ మందు పట్టుకొనడానికి పిడి కరువవుతుంది. మొదటి నిమిషాలలో ఇచ్చిన చిన్న మోతాదు ఆపగలిగిన దానిని, అరగంట తరువాత ఆసుపత్రిలో ఇచ్చిన పెద్ద మోతాదు ఆపలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అంబులెన్సు వచ్చేలోగా ఇంట్లోవాళ్ళే ముక్కులో కొట్టగలిగిన మిడజోలం స్ప్రే ఇప్పుడు మన ఊళ్ళలో కూడా డాక్టరు చీటీ మీద దొరుకుతోంది. ఎన్నిసార్లు కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో డాక్టరు దగ్గర ముందే నేర్చుకొని ఉండాలి. మా అక్క కోడలు దానిని ఫ్రిజ్ పైన, అందరికీ అందేచోట పెట్టి, పక్కింటివాళ్ళకు కూడా వాడటం చూపించి ఉంచింది.